అత్త కంపెనీ నీళ్లు తాగి చూసిన రోజు

పొద్దున్నే మార్కాపురం కంభం రోడ్డులో టీ కోసం నిలబడితే, నీలం చొక్కాల అమ్మాయిలతో కిక్కిరిసిన కంపెనీ బస్సు పక్కనే ఆగింది. కిటికీలోంచి "మామా, షుగరుండి కూడా చక్కెర టీనా?" అని ఒక గొంతు నలుగురిలో నా పరువు తీసింది. అది మా మేనత్త మనవరాలు. బస్సు వెళ్లిపోయినా నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల ఆ బస్సు ఎక్కడానికి ముందు మా అత్త చేసిన హంగామా గుర్తొస్తే ఇప్పటికీ అంతే.

అత్తది అర్ధవీడు వైపు పల్లె. నాలుగెకరాల మెట్ట, ఒక మేకల మంద, ఆ రెండింటికీ మించిన నోరు. మా వైపు వాన మొహమాటపు చుట్టంలాగా గడప దాకా వచ్చి పోతుంది గనక, కందులు ఇంటికి చేరగానే అత్త కొడుకూ కోడలూ బెంగళూరు పోయి కట్టుబడి పనుల్లో చేరేవాళ్లు. ఇంటరు అయిన పిల్లను కూడా ఆ ఏడు ఇటుకలు మోయడానికి తీసుకుపోదామనుకున్నారు. సరిగ్గా అప్పుడే మార్కాపురం దగ్గర కొరియా వాళ్లు బూట్లు కుట్టే ఫ్యాక్టరీ పెట్టారు. కొత్త ఉద్యోగాలంటే సముద్రం పక్క ఊళ్లకో హైదరాబాదుకో వచ్చేవని అనుకునేవాళ్లం. పలకల గనులు తప్ప మరో కంపెనీ ఎరగని మా రాళ్లలోకి అంత దూరం నుంచి డబ్బు ఎందుకు పట్టుకొచ్చారో ఎవరికీ అంతుబట్టలేదు. పిల్ల మాత్రం చడీచప్పుడు లేకుండా పోయి పరీక్షకు కూర్చుని, కుట్టు పనికి ఎంపికై వచ్చింది. ఇక అత్త సరేనంటే చాలు. ఆ ఇంట్లో అత్త సరేననందే మేకపిల్ల కూడా గడప దాటదు.

అత్త సరేననలేదు, కాదనలేదు. "ఇల్లు చూడకుండా పిల్లనెట్ల పంపేది అల్లుడా?" అంది. మా వైపు పిల్లనిచ్చే ముందు పెద్దలు అవతలి ఊరికి పోయి ఇల్లూ వాకిలీ చూస్తారు, అంతకన్నా ముందు అక్కడి నీళ్లు తాగి చూస్తారు. ఫ్లోరైడు నీళ్లకు పళ్లు గారపట్టి, మోకాళ్లు వంగిపోయిన ఊళ్లు మావి. నీళ్లు బాగాలేవని తప్పిపోయిన సంబంధాలు మా బంధువుల్లోనే ఉన్నాయి. అది పెళ్లికి గానీ ఉద్యోగానికి కాదని నేనెంత చెప్పినా అత్త చెవికెక్కలేదు. "ఇంక ఉండేది ఆడనే గదా, ఏంది తేడా?" అంది. మరునాడు ట్రాలీ ఆటోలో బంధువర్గమంతా బయల్దేరింది, పెద్దమనిషినని నన్నూ ఎక్కించుకుని. పిల్ల దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. "మామా, వీళ్లందర్నీ చూసి నన్ను వద్దంటే ఎట్ల? ఇంక బెంగళూరే గదా?" అని గొణుగుతూనే ఉంది.

ఫ్యాక్టరీ ముందు ఆటో ఆగి అంతమందిమి బిలబిలా దిగేసరికి, ధర్నాకు వచ్చామనుకుని గేటు మూసేశారు. పిల్ల నా వెనక్కి పోయి దాక్కుంది. అదృష్టం బాగుండి, వాచ్‌మన్ మా పక్కనే ఉన్న గిద్దలూరు మనిషి. అత్త రెండు ముక్కల్లో సంగతి చెప్పగానే అర్థం చేసుకున్నాడు. లోపలికి ఫోను చేసి, ఇది రోజూ జరిగేదే అన్నట్టు, "సార్, పిల్ల తరపు వాళ్లు వచ్చినారు, నీళ్లు తాగి చూసిపోతారంట," అన్నాడు. కాసేపటికి కొరియా మేనేజరే స్వయంగా బయటికొచ్చాడు, ఆయన మాటలు తెలుగులో చెప్పే ఆఫీసమ్మాయిని వెంటబెట్టుకుని. మర్యాదకు సీసా నీళ్లు తెప్పించాడు. అత్త వాటిని పక్కకు నెట్టింది. "ఇయ్యి చుట్టాలకిచ్చే నీళ్లు నాయనా. పిల్ల రోజూ తాగేటియి ఏడుండాయి?" అని అడిగింది. ఆఫీసమ్మాయి ఆ మాట చెప్పగా విని ఆయన నవ్వలేదు. మమ్మల్ని లోపలి కొళాయి దగ్గరికి తీసుకుపోయి, ముందు తనే దోసిలి పట్టి తాగి, పక్కకు జరిగాడు. అత్త ఒక గుక్క నోట్లోనే ఉంచుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. చివరికి మింగి, కొంగుతో మూతి తుడుచుకుని, "రవ్వంత చప్పగుండాయి. ఫరవాలేదు, పిల్లను పంపిస్తాం," అంది. ఆఫీసమ్మాయి దాన్ని ఎట్లా చెప్పిందో గానీ, మేనేజరు నడుం వంచి అత్తకు దణ్ణం పెట్టాడు. పిల్ల గోడ పక్కకు పోయి నవ్వుకుంటూనే ఏడ్చింది. ఆ క్షణాన నాకెంత సంతోషమైందో చెప్పలేను.

సోమవారం అప్పగింతలు. కంపెనీ బస్సు ఊరి మొగదల ఆగితే, అత్త పిల్లకు బొట్టు పెట్టి, పెళ్లికూతురికి పోసినట్టు ఒడిలో బియ్యం పోసి, రాగం తీసి ఏడ్చింది. డ్రైవరు హారను కొట్టడం మానేసి చూస్తుండిపోయాడు. బెంగళూరు పనికి పోయినవాళ్లు మళ్లీ తొలకరికి గానీ రారు, అత్తవారింటికి పోయినవాళ్లు ఎప్పుడొస్తారో చెప్పలేం. మనిషిని పంపడమంటే అత్తకు తెలిసింది అదే. ఆ సాయంత్రం ఆమె మేకలను దొడ్లోకి తోలుతుండగానే పిల్ల ఇంటికొచ్చి, "ఆకలైతాంది అవ్వా, ఏం చేసినావు?" అని అడిగింది. అత్త చేతిలో కర్ర అట్లాగే పట్టుకుని, మనవరాలిని తేరిపార చూసి, "అప్పుడే వచ్చినావా?" అంది. ఇంట్లోంచి పనికి పోయిన మనిషి తిరిగి రావడానికి ఒక్క పగలు చాలునని మా అత్తకు తెలిసేసరికి డెబ్భై ఏళ్లు దాటాయి.