పెదాలు కలవని మాట

కుళ్ళు అనే మాటని మా వృత్తిలో ఎవరూ పైకి అనరు. "ఆవిడ స్క్రిప్టు కాస్త స్లోగా ఉంది" అంటారు. "సెకండాఫ్‌లో పట్టు జారింది" అంటారు. తిప్పి తిప్పి చెప్పినా అర్థం ఒక్కటే. నేను తిన్నగా చెప్పేస్తాను. నాకు మాతోపాటు రాసే ఒక పిల్లంటే కుళ్ళు. మూడేళ్ళపాటు కుళ్ళి కుళ్ళి చచ్చాను.

నేను డబ్బింగ్ సినిమాలకి మాటలు రాస్తాను. తమిళ సినిమా వస్తుంది, దానికి తెలుగు సంభాషణలు రాసివ్వాలి. పాతికేళ్ళుగా ఇదే పని. తెర మీద మనిషి పెదాలు ఎక్కడ కలుస్తున్నాయో చూసుకోవాలి. కలిసినచోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. అక్కడ 'క' వేశామా, ఆ మాట పాత్ర నోట్లోంచి కాకుండా పక్కింట్లోంచి వచ్చినట్టుంటుంది. అర్థం, అందం అన్నీ తర్వాత. ముందు పెదాలు కలవాలి.

మా ఇల్లు మద్రాసులో, వ్యాసర్పాడిలో. నాన్న రైల్వే యార్డులో పనిచేసేవాడు. ఆయన పోయాక అమ్మా నేనూ మిగిలాం. మా వాళ్ళు ఏ కాలంలోనో నెల్లూరు వైపు నుంచి వచ్చారు, ఆ ఊరి తెలుగు అమ్మ నోట అలాగే ఉండిపోయింది. ఈడ, ఆడ, యాడ. అందులో సగం తమిళం. ముఖ్యంగా 'సుమ్మా' అన్న తమిళ మాట లేకుండా అమ్మకి పొద్దు గడవదు. పని లేకుండా కూర్చుంటే సుమ్మా కూర్చున్నట్టు. నోరు మూసుకోమనాలంటే సుమ్మా ఉండు. ఎందుకు చేశావమ్మా అంటే కారణం లేదు, సుమ్మా. పుస్తకాల తెలుగులో దాన్ని 'ఊరికే' అంటాం. ఆ ఊరికే అన్న మాట మా అమ్మ నోట నేను ఎన్నడూ వినలేదు.

ప్రతి ఆదివారం పొద్దున మా ఇంట్లో ముగ్గురు రచయితలం చేరేవాళ్ళం. నేను, కామెడీ ట్రాకులు రాసి రాసి నెత్తి మీద జుట్టంతా పోగొట్టుకున్న ఒక పెద్దాయన, గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ తేలిన ఆ పిల్ల. పిల్ల అంటున్నాను గానీ దానికి ముప్పై అయిదుంటాయి. హారర్ రాస్తుంది. మేం చేరడానికి పేరు సినిమా చర్చ, అసలు కారణం రాయపురం చేపలతో అమ్మ పెట్టే పులుసు, ఇడ్లీలు.

పెద్దాయన ప్రతివారం ఒకే పాట ఎత్తుకునేవాడు. "దెయ్యం సినిమాకొచ్చేవాడు భయపడ్డానికి సిద్ధపడే వస్తాడమ్మా. వాడికి తలుపు కిర్రుమంటే చాలు. కామెడీకొచ్చేవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు, ఏదీ నవ్వించు చూద్దాం అని. ఎవడిది కష్టం?" ఆయన ముందు ఇంటర్వెల్ సీను రాసుకుంటాడు, అక్కణ్ణుంచి వెనక్కి నడుస్తాడు. అలా నడిచి నడిచి మొదటి సీను దగ్గరికి వచ్చేసరికి హీరో ఎవరో మర్చిపోతాడని మేం ఏడిపించేవాళ్ళం.

నా అభిప్రాయం ఒక్కటే. జానర్ అనేది పోస్టరు అంటించేవాళ్ళకి కావాలి, రాసేవాళ్ళకి దాంతో పనిలేదు. దెయ్యమైనా, కమెడియనైనా, హీరో తల్లి అయినా నా దగ్గరికి వచ్చేసరికి రెండు పెదాలే.

ఆ పిల్ల మాత్రం మెల్లిగా అనేది, "నాకేవనిపిస్తాదంటే అక్కా, దెయ్యం కథంటే దెయ్యం గురించి కాదు. ఇంట్లో ఎవరో ఒకరు చెప్పకుండా దాచుకున్న మాట ఉంటాది కదా, అదే దెయ్యం. అది బయటికి రాగానే కథ అయిపోద్ది."

"అబ్బో!" అన్నాను నేను. పెద్దాయన ఆ మాటని వేలితో గాల్లో రాసుకున్నాడు. నా మాటల్ని ఆయన ఏనాడూ గాల్లో అయినా రాసుకోలేదు. చూడండి, ఇంత చిన్నదానికి కూడా మండింది నాకు.

అది రాసే పద్ధతి చూస్తే ఇంకా మండేది. నెలల తరబడి కాగితం ముట్టదు. మేమిద్దరం గొంతులు చించుకుని వాదించుకుంటుంటే లేచి వంటింట్లోకి పోయేది. అమ్మ పక్కన పీట వేసుకుని, చేపలు తోముతూ వింటూ కూర్చునేది. "ఈడ కూసో పాపా, నీళ్ళు పడతాయి, కొంచెం జరుగు," అని అమ్మ గొంతు వినబడేది. తర్వాత నవ్వులు. నాతో అమ్మ అంతసేపు నవ్వగా నేను చూడలేదు. చర్చ ఎగ్గొట్టి పులుసు రుచి చూడ్డానికి పోతోందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇక్కడ నా నోట్‌బుక్ సంగతి చెప్పాలి. డబ్బింగ్ కాదు, సొంతంగా ఒక్క సినిమా రాయాలని, అది మా అమ్మ కథే అవ్వాలని నాకు ఎన్నేళ్ళుగానో ఆశ. ఎవరికీ చెప్పలేదు. నోట్‌బుక్‌లో ఒకే సీను ఉంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు జరిగింది. బడి నుంచి వచ్చాను. అమ్మ మంచి చీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది. పొయ్యి వెలిగించి లేదు. "ఎందుకమ్మా ఏడుస్తున్నావ్?" అన్నాను. "సుమ్మా," అంది. అంతే. రెండో సీను ఎప్పుడూ రాయలేకపోయాను, ఎందుకంటే అమ్మ ఎందుకు ఏడ్చిందో నాకు తెలియదు. పెద్దయ్యాక రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ "ఏమ్మే, ఎప్పుడు? నాకేం తెలుసు?" అని తోసేసింది.

నిరుడు ఒక ఆదివారం ఆ పిల్ల స్క్రిప్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈసారి దెయ్యాలు లేవట. వ్యాసర్పాడిలో ఒక తెలుగు కుటుంబం కథట. సినిమా ఓకే అయిపోయిందట. "యాస ఎక్కడైనా తప్పు పోయిందేమో మీరు చూసి పెట్టండక్కా. మీకంటే ఎవరికి తెలుస్తాది?" అంది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, అవునని తలూపుతూ, "ఆమా, బాగా రాసుంటాది ఆ పాప," అంది. నా గురించి ఆ మాట పాతికేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు!

మర్నాడు మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే చదవడం మొదలుపెట్టాను. పదో పేజీలో నా చెయ్యి ఆగిపోయింది. మంచి చీర కట్టుకుని పొయ్యి ముందు ఏడుస్తున్న ఒక ఆడమనిషి. బడి నుంచి వచ్చిన కూతురు. "ఎందుకమ్మా ఏడుస్తున్నావ్?" "సుమ్మా."

నా సీను. నా నోట్‌బుక్‌లో నేను దాచుకున్న ఒకే ఒక్క సీను. పైగా దాని తర్వాత రెండో సీను కూడా ఉంది.

ఆ రోజు పొద్దున అమ్మ స్టూడియోకి వెళ్ళిందట. తెలుగు సినిమాలు ఇంకా ఇక్కడే తయారవుతున్న కాలం. గుంపు సీన్లకి గొంతు ఇచ్చే పక్కింటావిడ అమ్మని వెంటబెట్టుకుని పోయింది. అమ్మకి ఒక్క వాక్యం ఇచ్చారు. 'బాబుగారు ఇక్కడ లేరండి.' అమ్మ మైకు ముందు నిలబడి, "బాబుగారు ఈడ లేరండి," అంది. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ ఈడే వచ్చింది. మూడోసారి లోపలున్నవాళ్ళు నవ్వారు. "ఈవిడది తెలుగేనా?" అని ఎవరో అన్నారు. పంపించేశారు. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. అప్పుడు కూతురు వచ్చింది. 'సుమ్మా' అయ్యాక, "ఈడ కూసోవే," అని అమ్మ పిలిస్తే కూతురు బడిలో నేర్చుకున్న గొప్ప చూపించింది. "ఈడ కాదమ్మా, ఇక్కడ అనాలి."

ఆ కూతుర్ని నేనే. ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు.

అప్పుడైనా నాకు ఏడుపు రావాలి కదా. రాలేదు. కోపం వచ్చింది. నేను అడిగితే చెప్పని మాట దానికి చెప్పింది. తొమ్మిది నెలలు మోసి కన్నది నన్నా, దాన్నా? చేపలు తోమినందుకు దానికి మా అమ్మ జీవితం రాసిచ్చేసిందా? చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని 'సుమ్మా' కొట్టేశాను. పైన ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఊరికే' అని రాశాను. మార్జిన్‌లో 'ఇది తమిళ పదం, తెలుగు ప్రేక్షకులకి అర్థం కాదు' అని కారణం కూడా పెట్టాను. స్క్రిప్టు మొత్తంలో నేను మార్చింది ఆ ఒక్క మాట. అది నాది. సీను పోతే పోయింది, ఆ మాటైనా నాకు మిగలాలనుకున్నాను.

ఆ పిల్ల కాగితం తీసుకుని ఎర్ర గీత మీద వేలు పెట్టింది. "అమ్మగారు అలాగే అన్నారక్కా..."

"మా అమ్మ ఎలా అంటుందో నువ్వు నాకు చెప్తున్నావా?" అన్నాను.

"అయ్యో, అది కాదక్కా. మీరు చెప్పాక ఇంకేముంది?" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నిజంగానే నమ్మింది. నమ్మకపోయినా బాగుండేది.

సినిమా విడుదలయ్యాక పొద్దున ఆటకి ఆ పిల్లే టికెట్లు తీసి మమ్మల్ని తీసుకెళ్ళింది. మధ్యలో అమ్మ, ఒక పక్క అది, ఇంకో పక్క నేను. అమ్మ మంచి చీర కట్టుకుంది. తెర మీద పొయ్యి ముందు ఆడమనిషి కనబడగానే అమ్మ నిటారుగా కూర్చుంది. బడి సంచితో కూతురు వచ్చింది. "ఎందుకమ్మా ఏడుస్తున్నావ్?"

"ఊరికే," అంది తెర మీది అమ్మ.

మా అమ్మ పెద్ద గొంతుతోనే అడిగేసింది. "ఏం పాపా, సుమ్మా అని కదా నేను చెప్పినా? ఎవురు మార్చినారు?" ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

ఆ పిల్ల ఎర్ర పెన్ను సంగతి చెప్పేస్తుందనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను కూడా. అప్పుడు దాని మీద కోపం తెచ్చుకోవచ్చు. అది అమ్మ చెయ్యి పట్టుకుని, "నేనేనమ్మా. నాకు తెలీక మార్చేశాను. తప్పయిపోయింది," అంది. నా వైపు చూడను కూడా లేదు. మంచితనంలో కూడా ఇది నన్ను మించాలా అని అప్పుడు కూడా కుళ్ళే వచ్చింది నాకు. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాను.

తర్వాత స్టూడియో సీను వచ్చింది. మైకు ముందు తెర మీది ఆవిడ మూడుసార్లు ఈడ, ఈడ, ఈడ అంది. మూడోసారికి థియేటర్‌లో ఎవరూ నవ్వలేదు. అమ్మ ఒక్కతే నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

ఆటోలో అమ్మా నేనూ ఇంటికి వస్తున్నాం. రైల్వే వంతెన కింద ట్రాఫిక్ ఆగింది. అమ్మ అటు యార్డు వైపు చూస్తోంది. ఇక ఆగలేక అడిగేశాను.

"అమ్మా, నేను ఎన్నిసార్లు అడిగాను! నాకు చెప్పకుండా దానికెందుకు చెప్పావు?"

అమ్మ నా వైపు తిరిగింది. నా మొహంలోకి చూసింది. స్క్రిప్టులు దిద్దేది మా ఇంట్లో ఎవరో ఆమెకి తెలియనిది కాదు. పాతికేళ్ళుగా పెదాలు చూసి బతికినదాన్ని, అలవాటు కొద్దీ పెదాల మీదే పెట్టాను నా కళ్ళు. సుమ్మాలోని 'మ్మా' అనడానికి కలుస్తాయని ఎదురుచూశాను. కలవలేదు.

"ఊరికే," అంది మా అమ్మ, ఒక్క తప్పు లేకుండా.