తిరిగొచ్చిన కాజు బర్ఫీ డబ్బా

తార్నాకలో మాది బైండింగ్ దుకాణం. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఎందరి థీసిస్‌లకు మా బల్ల మీద అట్టలు కట్టామో నాకే లెక్క లేదు. గొప్ప కోసమే చెబుతున్నాను, దాచుకోవడం దేనికి? మా నాన్న దగ్గర నేర్చుకున్న కుట్టు నాది. పుస్తకాన్ని రెండు పేజీలు పట్టుకుని గాల్లోకి ఎత్తినా దారం వదలదు.

అయితే థీసిస్‌లు కంప్యూటర్లో అప్‌లోడ్ చేయడం మొదలయ్యాక మాకు పని తగ్గిపోయింది. ఐదారు కాపీలు చేయించుకునేవాళ్లు ఒకటి రెండింటితో సరిపెట్టుకుంటున్నారు. ఆ ఏడు మిగిలిన ఆశ ఒక్కటే. యూనివర్సిటీ లైబ్రరీ తన దగ్గరున్న పాత పత్రికల సంచికలన్నీ కలిపి కుట్టించాలనుకుంది. రేటు రాసిన కొటేషన్‌ను సీలు కవర్లో పెట్టి, కుట్టిన నమూనా పుస్తకంతో పాటు ఇమ్మంటే నేనూ ఇచ్చాను. ఏడాది పొడుగునా పని. అది వస్తే దుకాణం నిలుస్తుంది. రాకపోతే షటర్ దించేసి, సీతాఫల్‌మండి నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా మా దగ్గర కుట్టుపని చేస్తున్న పెద్దమ్మకు ఇంక రావద్దని చెప్పాలి. ఆ మాట ఏ నోటితో అనాలో తెలియక నాకు అన్నం సహించేది కాదు.

ఇంతలో దీపావళి వచ్చింది. నేనేం చేశాను? అందరూ చేసేదే చేశాను. కాచిగూడ వెళ్లి కిలో కాజు బర్ఫీ కొని, బంగారు రంగు రిబ్బను కట్టించి, పైన మా దుకాణం విజిటింగ్ కార్డు అంటించి, లైబ్రరీ కమిటీకి పెద్దగా ఉన్న ప్రొఫెసర్ మేడమ్ ఇంటికి పంపాను. ఆమె ఇల్లు మాకు నాలుగు సందుల అవతలే.

మరునాడు పొద్దున్నే మేడమ్ నడుచుకుంటూ దుకాణానికి వచ్చారు. చేతిలో నా డబ్బా. రిబ్బను కూడా విప్పలేదు. బల్ల మీద పెట్టారు. పెద్దమ్మ సూది ఆపి చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది, అదేం పుట్టుబుద్ధో!

"ఏంది మేడమ్, మా స్వీట్లల్ల విషం ఉన్నదా?" అనేశాను.

"విషం లేదమ్మా, కొటేషన్ ఉన్నది," అన్నారామె. "సోమవారం అందరి కవర్లు విప్పుతం. దానికి ముందు నువ్వు నాకు డబ్బా పంపినవ్. ఇప్పుడు ఆర్డర్ నీకిస్తే, బర్ఫీ తిని ఇచ్చిందంటరు. ఇయ్యకపోతే నేనే నిన్ను ముంచినట్టయితది."

"పండుగకు అందరూ ఇస్తరు కద!"

"ఇయ్యి, ఎవరొద్దన్నరు? పని తేలినంక ఆఫీసుకు తెచ్చి పదిమంది ముందట పెట్టు. అటెండర్ తింటడు, నేను తింట. కవర్లు విప్పకముందు ఇంటికి పంపినదాన్ని ఎవరన్న పండుగ డబ్బా అంటరా?"

"మరి నా కవర్ వాపస్ తీసుకోవాల్నా?" అడిగాను. పెద్దమ్మ వైపు చూడలేకపోయాను.

మేడమ్ పెద్దమ్మ ఒళ్లో ఉన్న పుస్తకం అందుకుని, వెన్ను మీద వేళ్లతో తడిమి చూశారు. "వద్దు. ఈ కమిటీ నుంచి నేనే తప్పుకుంట. ఎందుకు తప్పుకున్ననో రాసిస్త. అందరి ముందట చదువుతరు. జర ఓర్చుకో."

ఆమె సందు మలుపు తిరిగాక పెద్దమ్మ నోరు విప్పింది. "దొంగతనం చేస్తె చేస్తివి గానీ బిడ్డా, అడ్రస్ ఎందుకు అంటిస్తివే?" నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

సోమవారం లైబ్రరీ వరండాలో ముగ్గురం కూర్చున్నాం, నేనూ, ఇంకో రెండు దుకాణాలవాళ్లూ. లోపల మేడమ్ రాసిచ్చిన కాగితం చదివారు. తలుపు తీసే ఉంది. బర్ఫీ డబ్బా సంగతీ, మా దుకాణం పేరూ బయటికి స్పష్టంగా వినిపించాయి. పక్కనున్న విద్యానగర్ దుకాణదారు నన్ను చూసి నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. భూమి నోరు తెరిస్తే బాగుండు అనిపించింది. అయినా లేచి వెళ్లలేదు. ఎందుకు వెళ్లాలి? డబ్బా పంపడం నా తప్పే, కుట్టు తప్పు కాదుగా!

ముగ్గురి రేట్లూ దాదాపు ఒకటే కావడంతో నమూనాలు చూసి తేల్చారు. ఒకదాని పేజీలు లాగగానే చేతికి వచ్చేశాయి. ఇంకోదాని వెన్ను పగిలింది. నాదాన్ని రెండు పేజీలు పట్టుకుని ఎత్తారు, ఊపారు, మళ్లీ ఊపారు. ఒక్క పోగు కదల్లేదు. ఆర్డర్ నాకు వచ్చింది! నా తప్పు తప్ప నా గురించి ఇంకేమీ తెలియని మనుషులు ఇచ్చారు. మేడమ్ కుర్చీలో కూర్చుని ఇచ్చి ఉంటే ఇంత గర్వం నాకు దక్కేది కాదు. పెద్దమ్మకు చెబితే, "మరి, ఎవరు కుట్టిన్రనుకుంటున్నవ్?" అని సూదిలో దారం ఎక్కించుకుంది.

కిందటేడు మేడమ్ రిటైరయ్యారు. లైబ్రరీ పని ఎప్పుడో ముగిసింది, యూనివర్సిటీలో నా కొటేషన్ ఏదీ లేదు. దీపావళికి మళ్లీ కాచిగూడ వెళ్లి అదే కాజు బర్ఫీ కొన్నాను. ఈసారి రిబ్బను లేదు, కార్డు లేదు. నేనే తీసుకెళ్లాను.

తలుపు తీసి, డబ్బా చూసి, "మళ్ల ఏ ఆర్డర్ ఉన్నదమ్మా?" అన్నారు.

"ఏదీ లేదు మేడమ్, ఒట్టు!"

"ఇన్నేండ్లు గీడ నిలబడి అందరి డబ్బాలు వాపస్ పంపిన. ఈసారి పంపుదామంటే ఒక్కటి గూడ రాలే." నవ్వుతూనే అన్నారు. రెండు చేతులతో డబ్బా ఇచ్చాను.

గుమ్మంలోనే మూత తీసి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. నిదానంగా నమిలారు.

"ఇంత మంచిగుంటదని ఆనాడు తెల్వకపాయె," అని రెండో ముక్క తీసుకున్నారు.