చిన్నాన్న అరికాలు

మా చిన్నాన్న పోయాడు. మొన్న ఉదయం టీ తాగి కుర్చీలో అలాగే ఉండిపోయాడట, గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. కబురు అందేసరికి నేను గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతున్నాను. సంచీ అక్కడే వదిలేసి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వాళ్లింటికి పరుగెత్తాను. ఏడ్చాను, నిజమే. కానీ ఈ నాలుగు మాటలూ ఏడుస్తూ రాయడం లేదు. గెలిచి వెళ్లిన మనిషి ఆయన. ఎలా గెలిచాడో చెబుతాను.

చిన్నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇక్కడి తెలుగువాళ్లకు మాతా పూజ ఎంత పెద్ద పండగో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. ఘటం నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా, కాలే తారు రోడ్డు మీద ఊరేగింపు. అందరూ నీడ కోసం గెంతుతుంటే చిన్నాన్న మాత్రం నింపాదిగా నడిచేవాడు. "కాళ్లు కాలట్లేదేటన్నా?" అని అడిగితే, "అమ్మ దయ. నాకేటీ తెలీదు" అని నవ్వేవాడు. వీధి వీధంతా ఆ కాళ్లకు దండం పెట్టేది. అప్పటికే ఆయనకు చాన్నాళ్లుగా షుగరు ఉందనీ, అది పాదాల్లో స్పర్శను తినేసిందనీ మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఓ ఏడాది ఊరేగింపయ్యాక కుడి బొటనవేలి కింద బొబ్బ లేచింది. చితికి పుండయింది. నొప్పి లేదు కాబట్టి ఆయన దాన్ని లెక్కే చేయలేదు. పిన్ని పసుపు అద్దేది, ఆయన ఎండలో కాలు చాపుకుని ఆరబెట్టుకునేవాడు. నెలలు గడిచినా మానకపోగా పుండు లోపలికి దిగింది. చివరికి జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకెళితే, పాదం తీసేయాల్సి రావచ్చన్నారు. "తీసీస్తే మరి నడిసేదెలగ?" అని చిన్నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ అడిగాడు.

మానని పుండ్లకే వైద్యం చేసే క్లినిక్ ఒకటి కోల్‌కతాలో ఉందని ఎవరో చెబితే లోకల్ రైల్లో తీసుకెళ్లాం. డాక్టరమ్మ ముందు కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో చూసింది. తర్వాత ఆయన్ని కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగుతో పాదమంతా పొడుస్తూ, తగిలినప్పుడు చెప్పమంది. ఆమె పొడుస్తూనే ఉంది. కాసేపటికి చిన్నాన్న, "కబ్ షురూ కరేంగే?" అన్నాడు. ఎప్పుడు మొదలెడతారని!

"మొదలెట్టి చాలాసేపయింది. నొప్పి తెలియకపోవడమే మీ జబ్బు" అని డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది. చిన్నాన్న ముఖం వాడిపోయింది. అన్నేళ్ల అమ్మ దయ ఒక్క మాటతో రోగమైపోయింది.

చచ్చిన కండ తీసేశారు, ఇన్సులిన్ మొదలెట్టారు, పుండు ఎండిపోకుండా తడి నిలిపే పట్టీ వేశారు. "ఆరబెట్టకపోతే కుళ్లిపోదేటి?" అని పిన్ని గొడవపడితే, "ఎండతో ఇది మానదు మాషీమా" అని కట్టు కట్టే నర్సు దీదీ మేం వెళ్లినప్పుడల్లా ఓపిగ్గా చెప్పేది. వేలి మీద బరువు పడకుండా మోకాలి దాకా గట్టి కట్టు కూడా వేశారు. ఇదొక్కటీ చిన్నాన్న బుర్రకి చప్పున ఎక్కింది. "లోడు మీదుంటే ఏ రిపేరూ అవ్వదు" అని పరామర్శకు వచ్చినవాళ్లకి ఆయనే పాఠం చెప్పేవాడు.

సగం మానేసరికి మళ్లీ పూజ వచ్చింది. మా వీధి పెద్ద ఇంటికొచ్చి, "మొక్కు తప్పితే అమ్మకి కోపమొస్తాది. నాలుగడుగులేసీ, సాలు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా చిన్నాన్నే అందుకున్నాడు.

"కాలిచ్చింది అమ్మే కదేటి. దాన్ని కోయించీసుకుని మళ్లీ అమ్మ దగ్గరికే ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను?"

ఆ ఏడు ఘటం పిన్ని ఎత్తుకుంది. ఆయన గుమ్మంలో స్టూలు మీద కాలు పెట్టుకుని, డప్పులు వీధి దాటేదాకా కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అంత కష్టమైన పని ఆయన వర్క్‌షాపులో కూడా చేసి ఉండడు.

వానలు వెళ్లాక పుండు మూసుకుంది. నర్సు దీదీ వేలితో రాసి చూసి, పక్క గదుల్లోవాళ్లను కూడా పిలిచి మరీ చూపించింది. ఇంటికొస్తూ చిన్నాన్న ఎవరి చెయ్యీ పట్టుకోకుండా స్టేషన్ మెట్లెక్కాడు. వెనకాల పిన్ని, నేను ఏడుస్తూ నవ్వుతూ ఎక్కాం.

ఆ తర్వాత ఆయనతో వేగడం కష్టమైంది. రోజూ పొద్దున్నే అద్దంలో తన అరికాళ్లు చూసుకోవడం సరే, పెళ్లికి వెళ్లినా షుగరున్నవాళ్లను పట్టుకుని "కాలెత్తు, సూద్దాం" అనేవాడు. ఇంక పూజనాడు సరేసరి. వీధి మొదట్లో నిలబడి ఘటం ఎత్తేవాళ్ల పాదాలన్నీ గిల్లి చూసేవాడు. గిల్లింది తెలియకపోతే చెప్పులేయించేవాడు. మొదట్లో గొణిగినవాళ్లే తర్వాత వరసలో నిలబడ్డారు, వీధి పెద్దతో సహా. ఎవరైనా "అబ్బా!" అంటే చాలు, ఆయన ముఖం వెలిగిపోయేది.

"నొప్పెట్టిందా? అదీ అమ్మ దయంటే. ఎల్లు."

మొన్న సాయంత్రం సాగనంపేముందు, ఆనవాయితీ ప్రకారం కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాల్సి వచ్చింది. వీధి పెద్దే తెల్లగుడ్డ పేలిక పట్టుకుని కూర్చున్నాడు. కుడి వేలి కింద నున్నటి మచ్చ చూసి ఆయన చేతులు ఆగిపోయాయి.

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని లేచి వచ్చింది. "కట్టన్నా," అంది, అందరికీ వినబడేలా. "రెండూ ఉన్నాయి."

ఆయన కట్టాడు. రెండు వేళ్లూ ఒకదానికొకటి ఆనుకుని నిటారుగా నిలబడ్డాయి.