వెనక్కి రాకూడని పెట్టె

మా గల్లీ పెద్దలారా! పసివాళ్లను ఓడ ఎక్కించబోయిందని, పిల్లల ప్రాణాలంటే లెక్కలేని తల్లి అని మీరు నిందిస్తున్న మా పక్కింటి అక్క మొన్న జ్వరంతో దవాఖానలో కన్నుమూసింది. జవాబు చెప్పుకోవడానికి ఆమె లేదు. నేనున్నాను. కాలేజీ చర్చాపోటీకి వెళ్లే ప్రతిసారీ నా చీర కుచ్చిళ్లు సర్ది, “జర నిమ్మలంగ మాట్లాడు చెల్లె, గని ఎనక్కి తగ్గకు” అని పంపేది. ఇవాళ నిమ్మలంగా మాట్లాడటం నా వల్ల కాదు.

నిరుడు, కువైట్‌లో ఉద్యోగం చేస్తున్న భర్త రమ్మని రాసినప్పుడు, ఆ ఇంట్లో అతను తప్ప సముద్రం చూసినవారే లేరు. ఓడ ఊగుతుందని ఎవరో చెప్పగా విని, అక్క తన ఇద్దరు పసివాళ్లనూ ఉయ్యాలబల్ల మీద కూర్చోబెట్టి, ఊపుతూ అన్నం తినిపించేది.

“గిట్ల ఊపితే కక్కుతరే పోరలు!” అని అత్తగారు కసిరేవారు.

“కక్కితే గీడనే కక్కనియ్యి అత్తమ్మా, ఓడెక్కినంక ఫికరుండది.”

ఆబిడ్స్‌లో పిల్లలకు వదులు బూట్లు ఎంచితే ఎందుకని అడిగాను. “పెద్దోళ్లు ఆగుమంటె మనం ఆగుతమేమో గని, పిల్లల కాళ్లు పెరగకుంట ఆగుతయా చెల్లె?” అని నవ్వింది.

ప్రయాణపు రోజు మంచిది కాదన్నారు మీరు. ఆమె వాదించలేదు. అంతకుముందే వచ్చిన మంచి ఘడియలో, ఆనవాయితీ ప్రకారం, పిల్లల బట్టలూ బూట్లూ సర్దిన పెట్టెను, ప్రయాణం అప్పుడే మొదలైనట్టుగా, మా ఇంట్లో ప్రస్థానం పెట్టించింది. అలా గడప దాటిన పెట్టె ప్రయాణం కాకుండా వెనక్కి రాకూడదన్నది మీ నియమమే. దాన్ని మీరైనా పాటిస్తారని నమ్మింది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

బొంబాయి రైలెక్కవలసిన సాయంత్రం అత్తగారు పిల్లలను లోపల ఉంచి గొళ్లెం పెట్టారు. “పెట్టె పోయింది గదా, నువ్వు గూడ పో. మా పిల్లలు రారు.”

“పిల్లలు లేని ఓడ నాకెందుకు అత్తమ్మా?” అంటూ ఆమె గడప మీదనే కూలబడింది. వాకిట్లో నిలబడ్డ మీలో ఒక్కరూ ఆ గొళ్లెం తీయలేదు. పిల్లలను వదల్లేక ఆగిపోయిన మనిషికి, పిల్లలంటే లెక్కలేదని పేరు పెట్టారు! ఇది ఏ తర్కం?

ఇప్పుడు తండ్రే వచ్చి పిల్లలను తీసుకుపోతానంటున్నాడు. పంపేది లేదంటూ మీరు మళ్లీ గొళ్లెం దగ్గరే నిలబడ్డారు. నిన్న, మా ఇంట్లోనే ఉండిపోయిన ఆ పెట్టె తెరిచి పిల్లలకు బూట్లు తొడిగాను. సరిగ్గా సరిపోయాయి. పెద్దపిల్ల విప్పనివ్వలేదు, వాటితోనే ఉయ్యాలబల్ల ఎక్కి ఊపమంది.

పెట్టె వెనక్కి రాకూడదు. మీ నియమమే. దాన్ని నాంపల్లి స్టేషనుకు మోసేవారెవరో, ఇప్పుడే, ఇక్కడే లేచి నిలబడండి.