కార్డుల కట్ట కింద ముఖం

ఏడేళ్ళుగా ఒక మాట నా గుండెల మీద బండలాగా కూర్చుని ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. తెలుగులో రాస్తున్నాను కాబట్టే ఈ ధైర్యం. మా కొడుకూ కోడలూ తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఈ కాగితం వాళ్ళ చేతిలో పడినా నాకేమీ కాదు. ఇది కూడా దాచడమే కదా అంటారా? అవును.

ఈ తమిళ ఊళ్ళో, ముదలియార్‌పేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. కార్డులాటకు పరిచే చాపలు చేస్తారు. పైన గుడ్డ, కింద పలుచటి రబ్బరు, గుడ్డ నిండా బొమ్మ. పైదేశాల్లో ఎదురెదురుగా కూర్చుని ఆ బొమ్మ మీద కార్డులు పేర్చి ఆడతారట. మట్టిబొమ్మలకు కళ్ళు దిద్దుకునే నన్ను ఆ బొమ్మలు వేయమని మొదలాళి పిలిచాడు. వర్క్‌షాపు ఆయనదే.

ఆ పనిలో కిటుకు ఒక్కటే. కార్డుల కట్ట ఎక్కడ పెడతారో, ఆడేసిన కార్డులు ఎక్కడ పడతాయో కాగితం మీద గడులు గీసి పంపిస్తారు. ఆ గడుల్లో ఆకులో మబ్బులో వేయాలి. ముఖం పడకూడదు. గడుల్లో రాసింది చదవడం నాకు అప్పట్లో రాదు. కళ్ళజోడు మరిచిపోయానని చెప్పి, మొదలాళి చేత వేలు పెట్టి చూపించుకునేదాన్ని. ఆరేళ్ళు ఎవరూ పసిగట్టలేదు.

మలర్ పసిగట్టింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, రంగులు కలపడానికి చేరింది. వాళ్ళింట్లోనూ తెలుగే. ఒకరోజు కుట్టుమిషన్ల దగ్గర అందరి ముందూ నా చేతిలో కాగితం మెల్లగా తీసుకుని, నువ్వుండక్కా, నేను చదివి పెడతాను అంది. కుట్టే ఆమె ఒకతి, ఇన్నాళ్ళూ చదువు రానిది కళ్ళజోడుకేనా అని నవ్వింది. మలర్ నవ్వలేదు. నవ్విన ఆమెను సాయంత్రానికే మరిచిపోయాను. జాలిపడిన పిల్లను మాత్రం మరవలేకపోయాను. 

కొన్నాళ్ళకు మలర్‌కు మొదటిసారి సొంతంగా ఒక చాప ఇచ్చారు. అడవిలో ముసలి మంత్రగత్తె బొమ్మ. అరియాంకుప్పంలో మంచాన ఉన్న తన అవ్వ ముఖాన్నే ఆ మంత్రగత్తెకు పెట్టింది. ప్రింటు కాగానే అవ్వకు చూపిస్తానంది. ముఖం ఎడమ పక్క పైన ఉంది, ఏ గడీ లేనిచోట. అంత మంచి ముఖం నేను ఏనాడూ వేయలేదు.

ముఖాన్ని కుడి పక్కకు, కిందికి తెమ్మన్నాను. అక్కడ కార్డుల కట్ట గడి ఉంది కదా అని అడిగింది. అది మారిందనీ, మొదలాళి నాతో అన్నాడనీ చెప్పాను. నమ్మింది. నాలుగు రోజులు కూర్చుని మళ్ళీ వేసింది.

చాపలన్నీ వెనక్కొచ్చాయి. ఆడేవాళ్ళు కార్డుల కట్టను సరిగ్గా అవ్వ ముఖం మీద పెట్టిన ఫోటో కూడా వచ్చింది. మొదలాళి మా ఇద్దరినీ పిలిచాడు.

"గడి మారిందని అక్కే చెప్పింది సార్" అంది మలర్.

"ఏందమ్మా, నువ్వా చెప్పింది?"

"నాకు చదువే రాదు సార్. ఒక్కక్షరం రాదు. యాడ ఏ గడి ఉందో నాకెట్టా తెలుస్తాది? మీరు వేలు పెట్టి చూపించినచోట వేసేదాన్ని."

ఆరేళ్ళు ప్రాణంలా దాచుకున్న సిగ్గు అది. ఆ పిల్లను వెళ్ళగొట్టడానికి దాన్నే నా నోటితో మొదలాళి ముందు బయటపెట్టాను. లోపల హాయిగా ఉంది. అదీ చెప్పాలి మీకు. నాకు చదువు రాదన్నది నిజమని అందరికంటే ముందు తెలిసింది మలర్‌కే. కుంచెలు కడిగి, తుడిచి, నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

పాడైన చాపలను మొదలాళి పనివాళ్ళకు పంచాడు. నేనూ ఒకటి తెచ్చుకున్నాను. రబ్బరు కదా, జారదని వంటింట్లో గ్రైండర్ కింద వేశాను. ఆ ఏడే అవ్వ పోయిందని విన్నాను. చాప చూసిందో లేదో నేను అడగలేదు.

పోయినేడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, పెద్దవాళ్ళకు చదువు చెప్పే మధ్యాహ్నం క్లాసుకు పోయి తమిళ అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత పక్కింటి పెద్దమ్మ దగ్గర తెలుగు. ఒకరోజు గ్రైండర్ జరిపి తుడుస్తుంటే చాప మూల కనబడింది. ఇన్నాళ్ళూ గడ్డిపోచలు అనుకున్నవి గడ్డిపోచలు కావు. తమిళ అక్షరాలు, కూడబలుక్కుని చదివాను. మలర్.

చాప కడిగాను. ఆరబెట్టాను. తిరిగి గ్రైండర్ కిందే వేశాను.

తను విల్లియనూరులో ఒక బట్టల షాపులో చీరలు మడతపెడుతోందట. బస్సెక్కితే అరగంట. పోలేదు. పోతానని ఇక్కడ రాస్తే అది ఇంకో అబద్ధం.

గడి మారలేదని నాకు తెలుసు. మారిందని చెప్పింది నేనే. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాలుగు కాగితాలు చించాను. అయిదోదాని మీద నిలిచాయి. చెయ్యి నొప్పి పుడుతోంది. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.