కొండమీద నుంచి చూసిన చీర

దయ్యాలనూ భూతాలనూ నేనెన్నడూ నమ్మలేదు. మా ఇంట్లో అలాంటి మాటలకు తీరిక కూడా ఉండేది కాదు. పెడనలో మగ్గం నేసుకుని బతికేవాళ్ళం. పొద్దున మగ్గం గుంటలో దిగితే దీపాలు పెట్టేవేళకు పైకి వచ్చేవాణ్ణి. నడుము నొప్పి తప్ప నన్ను పట్టి పీడించిన దయ్యం ఏదీ లేదు.

ఇది ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, కార్తీకంలో జరిగింది. మా చెల్లెలు సరోజను దివిసీమలో ఇచ్చాం. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. ఉప్పెనలో ఆ ఇల్లంతా పోయింది. దాని మొగుడూ అత్తామామలూ శవాలై దొరికారు. సరోజ దొరకలేదు. శవాల మధ్య ఎన్నిచోట్ల తిరిగానో, ఆ తిరుగుడు గురించి రాసే ఓపిక నాకు లేదు.

దొరకని మనిషికి కర్మ చేయడానికి అమ్మ ఒప్పుకోలేదు. "అది పోవడం నువ్వు చూశావా?" అని అడిగేది. ఏడాది నిండేలోపు చేయకపోతే పిల్లకు గతి ఉండదని చుట్టాలు, బతికున్న పిల్లకు పిండం పెడతారా అని అమ్మ. మధ్యలో నేను నలిగిపోయాను. అయిపోతే చాలనిపించేది నాకు. చివరికి ఒకరోజు అమ్మే, బెజవాడ పోదాం పద, అంది. కర్మకు ఒప్పుకున్నట్టేనా అంటే, ముందు ఊరు చూపించు, తర్వాత చూద్దాం, అంది.

ఊరు చూపించడానికి నా దగ్గరేముంది? ఆ ఏడంతా మగ్గం సగం రోజులు ఖాళీయే. పాసింజరు బండిలో వెళ్ళాం, సత్రంలో చాప పరుచుకున్నాం, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. రిక్షా వద్దంది. పోనీ సినిమాకు తీసుకెళ్ళనా అంటే, "కొండెక్కితే ఊరంతా ఊరికే కనబడుతుందిట గదరా" అంది.

వన్ టౌన్ సందుల్లో బట్టల మూటల బళ్ళను తప్పించుకుంటూ నడిచి, అమ్మవారి కొండ మెట్లెక్కాం. నాలుగడుగులకోసారి అమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. నాకూ కాళ్ళు లాగేశాయి. దర్శనం అయ్యాక పిట్టగోడ పక్కన చతికిలబడ్డాం. కింద కృష్ణ, బ్యారేజీ, అవతల సీతానగరం కొండ, రైలు వంతెనమీద పాకుతున్న గూడ్సు బండి, కాలవలు, వన్ టౌన్ పెంకుటిళ్ళూ డాబాలూ. చాలాకాలానికి అమ్మ మొహం విప్పారింది. ఇంత ఊళ్ళో తప్పిపోయిన మనిషి దొరుకుతుందంటావా అని అడిగింది. నా ప్రాణం ఉసూరుమంది.

కొండ కిందే స్నానాల రేవు. కార్తీకం కాబట్టి జనం బాగానే ఉన్నారు. స్నానం చేసిన ఆడవాళ్ళు తడిచీరను చెరో చివరా పట్టుకుని గాలికి ఆరబెడుతున్నారు. నేతవాళ్ళం కదా, చీర కనబడితే మా కళ్ళు అక్కడికే పోతాయి. ఇది మన వైపు నేత, అది మిల్లుగుడ్డ అని చెప్పుకుంటూ కూర్చున్నాం.

అప్పుడు చూశాను. చిలకపచ్చ చీర, ఎర్ర కొంగు. ఆ కొంగు చివర మూరెడు మేర వక్కరంగు.

అలాంటి చీర లోకంలో ఒక్కటే ఉంది. సరోజ పెళ్ళికి నేనే నేశాను. కొంగు నేస్తుండగా ఎర్రనూలు అయిపోయింది. మళ్ళీ రంగు అద్దించే వ్యవధి లేక, మిగిలిన మూరెడూ ఇంట్లో ఉన్న వక్కరంగు నూలుతో ముగించాను.

నేను చెప్పేలోపే అమ్మే నా మణికట్టు పట్టుకుని, "కొంగు చివర చూశావా?" అంది. చూశానన్నాను. ఆ చీర ఒక చివర, భుజాన పసుపు తువ్వాలు వేసుకున్న ముసలావిడ పట్టుకుని ఉంది. వక్కరంగు చివర ఎవరూ లేరు. అయినా అది జారకుండా, భుజమెత్తున, ఎవరో బిగించి పట్టుకున్నట్టే నిలబడి ఉంది. గాలి అనుకుందామంటే పక్క చీరలన్నీ ఎగరకుండా నడుమ కిందికి వేలాడుతున్నాయి.

దిగాం. అమ్మను వదిలి పరిగెత్తలేను, ఆమె తొందరగా దిగలేదు. రేవుకు చేరేసరికి పసుపు తువ్వాలావిడ చీర మడత పెట్టుకుంటోంది. అది నీలం మిల్లు చీర. చుట్టుపక్కలంతా వెతికాను. చిలకపచ్చ చీర ఎక్కడా లేదు.

మీతో చీర ఆరబెట్టిందెవరండీ మామ్మగారూ అని అడిగాను. ఆవిడ తిరువూరు వైపు నుంచి ఒక్కతే వచ్చిందట. తోడు లేక చూస్తుంటే ఎవరో పిల్ల వచ్చి రెండో చివర పట్టుకుందట. పేరడిగితే నవ్వి ఊరుకుందట. ఇప్పటిదాకా ఇక్కడే ఉందే అని ఆవిడా అటూ ఇటూ చూసింది.

"ఏమైనా అందాండీ?" అన్నాను.

"మా అమ్మ కొండమీద నుంచి చూస్తోంది మామ్మగారూ, కాస్త ఎత్తి పట్టుకోండి, అంది బాబూ."

మేం చీరను చూశాం, పట్టుకున్న మనిషిని చూడలేదు. ఆవిడ మనిషిని చూసింది, చీర మాత్రం ఆవిడదే.

దయ్యాలు లేవనుకునేవాడికి ఇక మిగిలింది ఒక్కటే. పిల్ల బతికే ఉంది. ఎండ కళ్ళల్లో పడి మనిషి నాకు ఆనలేదు, అంతే. ఏడాదిపాటు చెల్లెలు పోయిందని అమ్మతో వాదించిన నేను, ఆ సాయంత్రం రేవులో కనబడిన ప్రతి పడుచుపిల్ల మొహంలోకీ తొంగిచూశాను. ఒకామె మొగుడు నన్ను కొట్టబోయాడు. బ్యారేజీ దాకా వెళ్ళి కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి అమ్మ మెట్లమీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"ఇంక తిరక్కురా. కళ్ళు మూస్తే చాలు, అది తడిబట్టతో కనబడేది నాకు. ఇవాళ దాని చీర ఆరింది. రేపు కానిచ్చెయ్యి" అంది.

బతికుందన్నది నువ్వే కదమ్మా అన్నాను. సత్రానికి పోదాం, ఆకలేస్తోంది, అంది.

మర్నాడు అదే రేవులో కర్మ చేయించాం. పంతులుగారు పోయినవారి పేరు చెప్పమన్నారు. మళ్ళీ అడిగారు. నేను రేవులో జనం వంకే చూస్తున్నాను. అమ్మ నా వీపుమీద చెయ్యి వేసి, "సరోజ" అని తనే చెప్పింది.

ఇదెలా జరిగిందో నాకు తెలియదు. నేతలో పండిన ఇద్దరి కళ్ళు ఒకే చీర దగ్గర ఒకేసారి ఎలా మోసపోతాయో ఎవరైనా చెబితే వింటాను. అమ్మ ఆ తర్వాత నిబ్బరంగా బతికి, నిబ్బరంగానే పోయింది. నాకే ఆ నిబ్బరం రాలేదు. బెజవాడలో పనిపడితే ఇప్పటికీ రేవుకు వెళ్తాను. చీరలు ఆరబెట్టే ఆడవాళ్ళలో రెండో చివర పట్టుకున్న మనిషి మొహం చూస్తే గానీ అక్కణ్ణుంచి కదల్లేను.