చిన్నయ్య దగ్గు, శేఖర్ ఎక్స్‌రే

క్షయ ఎంతమందికి ఉందో ఇంటింటికీ తిరిగి చూసే సర్వేకు తెలుగు మాట్లాడేవాళ్లు కావాలని చెన్నైలో ఉన్న స్నేహితురాలు ఫోన్ చేసింది. జార్జి టౌన్ సందుల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారట, అరవంలో అడిగితే రోగం మాట పైకి చెప్పరట. నాలుగు రోజుల పనే కదా అని ఒప్పుకున్నాను. మూడో రోజుకే ఎందుకొచ్చిన సర్వే అనిపించింది. మీలో ఎవరైనా ఇలాంటి పనికి బయలుదేరుతుంటే ఆ రోజు సంగతి చదివి వెళ్లండి.

దిగింది పెరంబూరులో స్నేహితురాలింట్లో. ఎనిమిదింటికి లోకల్ ఎక్కితే సెంట్రల్‌కు ఇరవై నిమిషాలు, టికెట్టు ఐదు రూపాయలు. అక్కడినుంచి నడవచ్చు కానీ, రెండు రోజుల తిరుగుడుకు కాళ్లు వాచి ఆటో ఎక్కాను. ఎనభై రూపాయలు. నా పని విని డ్రైవర్ నవ్వాడు. "పగులు ఆడ ఎవురుంటారు మేడం? అందురూ పనికి పోయుంటారు." అతనికి తెలిసిన పాటి మా సర్వే పెద్దలకు తెలియలేదు. మధ్యాహ్నం దాకా ఎక్కువ ఇళ్లకు తాళాలే. తాళాలకు దగ్గు రాదు గనుక, 'తలుపు మూసి ఉంది' అని రాసుకుంటూ పోయాను.

చివరికి ఒక గదిలో మరియమ్మ దొరికింది. టోకు కొట్టు కోసం ఇంట్లోనే వెల్లుల్లి ఒలిచి ఇస్తుంది. భర్త చిన్నయ్య అదే వీధిలో సరుకు బండి లాగుతాడు. "నెల దాటిందక్కా, పడుకుంటే చాలు దగ్గతానే ఉండాడు. ఆస్పత్రికి పొమ్మంటే ఇనడు," అంది. చిన్నయ్య పేరున చీటీ రాసిచ్చి, వీధి చివర ఎక్స్‌రే వ్యాను ఉందని, నాలుగింటికి వెళ్లిపోతుందని, మళ్లీ ఈ వీధికి రాదని చెప్పాను.

రెండింటికి నేను వ్యాను దగ్గర ఉండగా ఆ చీటీతో ఒకతను వచ్చాడు. దగ్గు ఉందా అంటే లేదన్నాడు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మరియమ్మ ఉత్త జలుబు దగ్గుకే భయపడిందేమో అనుకున్నాను. ఏదైతేనేం, మంచి కబురు కదా అని నేనే వెళ్లి మరియమ్మకు చెప్పాను. "దేవునికి స్తోత్రం" అని ఆమె చేతులెత్తేలోపు లోపలినుంచి దగ్గు వినిపించింది. మధ్యాహ్నం తిండికి వచ్చి కంచం ముందు కూర్చున్న మనిషి ముద్ద మింగలేక గోడకు ఆనుకున్నాడు. ఈ మొహం నేను చూసింది కాదు.

"చిన్నయ్యంటే నువ్వేనా? మరి ఎక్స్‌రేకి వచ్చిందెవరు?"

"శేఖరక్కా, మా బదులు మనిషి," అన్నాడు అమాయకంగా. "పనికి పోలేని పొద్దు మేస్త్రి కాడికి వాణ్ణే పంపిస్తా. బండి కదిలితే చాలు, పేరు నాదే ఉంటాది. ఇదీ అంతే అనుకుంటిని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరియమ్మ మాత్రం నవ్వలేదు. "నీ దగ్గుకి వాడి రొమ్ము చూపిస్తావా?"

"నేను పోయి లైన్లో నిలబడితే మేస్త్రి బండి ఇంకొకడికి ఇచ్చేస్తాడు. రేపు రావొద్దంటాడు. అప్పుడేం తింటాం?"

టైము మూడు దాటింది. టీ కొట్టు దగ్గర శేఖర్‌ను పట్టుకుని, "నువ్వు లాగాల్సింది బండి తమ్ముడూ, వెళ్లు," అన్నాను. అతను వెళ్లాడు. నాలుగింటికి పది నిమిషాల ముందు చిన్నయ్య వ్యానెక్కాడు. ఈసారి వ్యానులోని డాక్టరమ్మ తెరను చాలాసేపు చూసింది. కుడివైపు మచ్చ ఉందని, కఫం పరీక్ష చేయాలని, జబ్బని తేలితే మందులు ఉచితమని, కొన్ని వారాలు బరువు లాగకూడదని చెప్పింది. చిన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ "అయితే బండి?" అన్నాడు. వెంట వచ్చిన మరియమ్మ కఫం డబ్బా తన చేతిలోకి తీసుకుని, "బండి పోతే పోనీ, నువ్వుండు" అంది.

తిరుగు రైల్లో కూర్చోడానికి చోటు దొరికినా ప్రాణం కుదుటపడలేదు. ఆ కబురు చెప్పడానికి నేను ఆ గదికి వెళ్లకపోయుంటే, చిన్నయ్య మా లెక్కలో ఆరోగ్యవంతుడిగా ఉండిపోయేవాడు. పని పోతుందన్న భయం ఉన్నచోట రోగం కూడా సెలవు అడగదు. అంతకు ముందు రెండు రోజులు నేను నింపిన కాగితాల్లో ఎవరి పేరు మీద ఎవరి ఛాతీ ఉందో నాకు తెలియదు. అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మీరు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి. చీటీతో వచ్చిన మనిషిని దగ్గు ఉందా అని మొదట అడగకండి. నువ్విక్కడ ఉంటే నీ పని ఎవరు చేస్తున్నారని అడగండి. తన పని ఏమవుతుందోనని వెనక్కి తిరిగి వీధి వైపు చూశాడా, అతనే మీరు వెతికే మనిషి.